జనరల్‌గారి ఆఖరి డ్యూటీ

1908 నవంబర్ 14 రాత్రి జర్మనీలోని డోనావెషింగెన్ కోటలో ఆ దేశపు పెద్ద రాజ్యమైన ప్రష్యా సైన్యానికి తీరని లోటు జరిగింది. జర్మన్ చక్రవర్తి (కైజర్) రెండో విల్‌హెల్మ్ వారి మిలిటరీ క్యాబినెట్ అధిపతి, జనరల్ డీట్రిచ్ ఫాన్ హుల్సెన్-హేసెలర్ గారు 56 ఏళ్ల వయసులో, విధి నిర్వహణలో ఉండగా, గుండె ఆగి కన్నుమూశారు. ఆ సమయానికి ఆయన ఒంటి మీద యూనిఫాం బదులు బాలే నాట్యగత్తెలు వేసుకునే కుచ్చుల గౌను ఉందన్న ఒక్క ముక్క పట్టుకుని లోకం ఇప్పటికీ పగలబడి నవ్వుతోంది. నవ్వేవాళ్లకు రాజుగారి కొలువంటే ఏమిటో తెలియదు. తెలిస్తే ఆ గౌనుకు కూడా ఒక మెడల్ తగిలించి ఉండేవాళ్లు.

ముందు ఆయన పుట్టుక చూడండి. తండ్రి బోథో ఫాన్ హుల్సెన్ రాజ రక్షక దళమైన గార్డ్స్‌లో ఆఫీసరు. తోటి ఆఫీసర్లతో నాటకాలు వేయించడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఇంకేం, 1851లో రాజుగారు బెర్లిన్ రాజ నాటకశాలల్ని తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టారు. 1886లో పోయేదాకా ఆయన ఆ కుర్చీ దిగలేదు. ఇంకో కొడుకు గియోర్గ్ కూడా ఆ దారే పట్టి 1903లో అదే కుర్చీ ఎక్కాడు. మన డీట్రిచ్ గారు మాత్రం సైన్యంలో చేరారు. సైనికుడికి నాటకశాల అప్పగించిన రాజ్యం, నాటకాలాయన కొడుక్కి సైన్యాన్ని అప్పగించింది. లెక్క సరిపోయింది.

1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం, ఆ తర్వాత మామూలు మెట్లు. అసలు ఉద్యోగం 1889లో మొదలైంది. ఆ ఏడాది ఆయన కైజర్‌కు ఏడీసీ, అంటే సొంత సైనిక సహాయకుడు, అయ్యారు.

ఏడీసీ అంటే భుజానికి తాళ్లు వేలాడేసుకుని దొరగారి పక్కన నిలబడటమే అనుకునేవాళ్లు కైజర్ ఓడ ఎక్కి ఉండరు. ఏటా వేసవిలో ఆయన హోహెన్‌జోలెర్న్ అనే రాజనౌకలో నార్వే వైపు విహారానికి వెళ్లేవారు. పొద్దున్నే డెక్ మీద పరివారమంతా కసరత్తు చేయాలి. బొజ్జలూ నెరిసిన మీసాలూ ఉన్న జనరళ్లు ఆయాసపడుతూ గుంజీళ్లు తీస్తుంటే, కైజర్ వారు వెనకనుంచి వచ్చి ఒక్క తోపు తోసేవారు. పడ్డ జనరల్ ఏం చేయాలి? నవ్వాలి. ఆ నవ్వులో బాధ కనపడకూడదు, అతి వినయమూ కనపడకూడదు. లేచి బట్టలు దులుపుకుని, మళ్లీ తోయడానికి వీలుగా కూర్చోవాలి. దీనికి ఏ మిలిటరీ అకాడమీలోనూ ట్రైనింగ్ లేదు. కరచాలనం కూడా అలాంటిదే. కైజర్ గారు ఉంగరాల రాళ్లను అరచేతి వైపు తిప్పి మరీ చెయ్యి నలిపేవారు. నలిగినవాళ్లు దాన్ని ఆప్యాయత కింద జమ వేసుకునేవారు.

యుద్ధ విన్యాసాల సంగతి సరేసరి. కైజర్ ఏ పక్షాన ఉంటే ఆ పక్షమే గెలవాలి. మెషిన్ గన్లు వచ్చేశాక కూడా ఆయన వేల గుర్రాలతో దుమ్ము రేపుకుంటూ దూకేవారు. ఎదుటి సైన్యం పద్ధతిగా ఓడిపోయేది. యుద్ధ పథకాలు వేసే జనరల్ స్టాఫ్ అధిపతి ష్లీఫెన్ అంతటి మేధావి కూడా ఏటా ఈ గెలుపును దగ్గరుండి ఏర్పాటు చేసిపెట్టారు. ఫ్రాన్స్‌ను ఎలా ఓడించాలో మిగిలిన సమయంలో ఆలోచించేవారు.

ఇలాంటి చోట పుష్కరకాలం నెగ్గుకొచ్చిన మనిషికి సైన్యంలో ఏ పదవైనా ఇవ్వొచ్చు. 1901లో హుల్సెన్ గారికి మిలిటరీ క్యాబినెట్ ఇచ్చారు.

పేరు విని మంత్రుల సమావేశం అనుకోకండి. అది కైజర్ సొంత ఆఫీసు. ప్రష్యా ఆఫీసర్లలో ఎవరికి ప్రమోషన్, ఎవరికి ట్రాన్స్‌ఫర్, ఎవరి ఛాతీ మీద ఏ మెడల్, ఎవరు ఇక ఇంటికి వెళ్లాలి, అన్నీ అక్కడే తేలేవి. 1883లో దీన్ని యుద్ధ మంత్రిత్వ శాఖ నుంచి విడదీశారు. పార్లమెంటులో (రైక్‌స్టాగ్‌లో) సభ్యుడెవరైనా ప్రశ్న వేస్తే లేచి నిలబడాల్సింది యుద్ధ మంత్రి. నిర్ణయం తీసుకున్న ఆఫీసు మాత్రం ఆయన కింద ఉండదు. తిట్లు తినడానికి ఒకరు, ఫైలు నడపడానికి ఇంకొకరు. ఇంత సుఖమైన ఏర్పాటు చేసినవాణ్ణి మెచ్చుకోవాలి.

ఆ ఆఫీసు ప్రతాపం తెలియాలంటే నీలం కవరు గురించి తెలియాలి. రిటైరవ్వమని వచ్చే ఉత్తర్వు నీలం రంగు కవరులో వచ్చేది. ముప్పై ఏళ్లు గుర్రం మీద బతికిన కల్నల్ ఒక పొద్దున కాఫీ తాగుతుంటే పనివాడు ట్రేలో ఆ కవరు తెచ్చి పెడతాడు. విప్పక్కర్లేదు. రంగు చూస్తే చాలు, భార్య సామాన్లు సర్దడం మొదలుపెడుతుంది. జర్మనీలో ఇప్పటికీ ఉద్యోగం పోయే కాగితాన్ని నీలం ఉత్తరం అనే అంటారు. జనరల్‌గారి శాఖ పోయినా రంగు మిగిలింది.

1907లో ఈ శాఖకు చేతినిండా పని పడింది. సంపాదకుడు మాక్సిమిలియన్ హార్డెన్, కైజర్ ప్రాణమిత్రుడు ఆయిలెన్‌బర్గ్ మీద, బెర్లిన్ సైనిక కమాండెంట్ కునో ఫాన్ మోల్ట్కే మీద స్వలింగ సంబంధాల ఆరోపణలు గుప్పించాడు. ఆ రోజుల్లో అది జైలుకు పంపే నేరం. కోర్టులో బోను, పత్రికల్లో కార్టూన్లు. కమాండెంట్‌గారు పదవి వదులుకోవాల్సి వచ్చింది. సైన్యం మగతనానికి మచ్చ పడకూడదని దేశమంతా ఒకటే టెన్షన్. అలాంటి ఆఫీసర్లను సాగనంపే కాగితాలు నడిచింది మన జనరల్‌గారి ఆఫీసు మీదుగానే. ఏడాది తిరిగిందో లేదో ఆయన గౌను వేసుకున్నారు. ఇందులో వైరుధ్యం వెతికేవాళ్లు తొందరపడుతున్నారు. కింది ఆఫీసరు సొంత ఇష్టంతో చేస్తే నేరం, పై ఆఫీసరు దొరగారి వినోదం కోసం చేస్తే సేవ. ఏ సర్వీస్ రూల్స్ పుస్తకం తిరగేసినా సారాంశం ఇదే కదా!

ఇక ఆ నవంబర్. అంతకు రెండు వారాల ముందు, అక్టోబర్ 28న, లండన్ పత్రిక డైలీ టెలిగ్రాఫ్‌లో కైజర్ మాటలు అచ్చయ్యాయి. ఇంగ్లీషువాళ్లకు పిచ్చి పట్టిందన్నారు. తాను వాళ్ల మిత్రుణ్ణేననీ, తన ప్రజల్లో ఎక్కువమందికే వాళ్లంటే పడదనీ సెలవిచ్చారు. దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషువాళ్లతో తలపడ్డ డచ్చి సంతతి బోయర్ల మీద యుద్ధం ఎలా చేయాలో తానే ప్లాను గీసి అమ్మమ్మ విక్టోరియా రాణికి పంపానని కూడా చెప్పుకున్నారు. ఒకే దెబ్బకు ఇంగ్లీషువాళ్లకూ జర్మన్లకూ కోపం తెప్పించడం అందరివల్లా అయ్యే పని కాదు. పద్ధతి ప్రకారం ఆ ప్రతిని ముందుగా ప్రభుత్వాధినేత అయిన ఛాన్సలర్ బ్యూలోకు పంపారు. సెలవులో ఉన్న ఛాన్సలర్ గారు చదవకుండానే విదేశాంగ శాఖకు తోసేశారు. విదేశాంగ శాఖవారు అక్కడక్కడా దిద్ది, పెద్దలు చూసే ఉంటారులే అని తిప్పి పంపారు.

నవంబర్ 10, 11 తేదీల్లో రైక్‌స్టాగ్ అట్టుడికిపోయింది. పార్టీ భేదం లేకుండా కైజర్‌ను కడిగేశారు. కైజర్ వారు ఆ సమయంలో డోనావెషింగెన్‌లో, మిత్రుడు ఫుర్‌స్టెన్‌బర్గ్ ప్రిన్స్ ఇంట్లో, నక్కల వేటలో ఉన్నారు.

పరిస్థితి గమనించండి. దేశం గగ్గోలు పెడుతోంది. దొరగారి మనసు బాగోలేదు. చదవాల్సిన ఛాన్సలర్ చదవలేదు. ఆపాల్సిన శాఖ ఆపలేదు. నోరు కట్టేసుకోవాల్సినాయన కట్టేసుకోలేదు. ఇంతమంది పెద్దల్లో తన పని తాను తు.చ. తప్పకుండా చేసిన ఏకైక అధికారి ఎవరు? 14వ తేదీ రాత్రి భోజనాలయ్యాక గౌను వేసుకుని, సంగీతానికి అడుగులు కలుపుతూ హాల్లోకి వచ్చిన హుల్సెన్ గారు. అక్కడే ఉన్న ఆస్థాన అధికారి జెడ్‌లిట్స్-ట్రుట్స్‌ష్లర్ తర్వాత రాసుకున్నదాన్ని బట్టి ఇది మొదటిసారి కూడా కాదు. పైగా జనరల్‌గారు చాలా బాగా నాట్యం చేసేవారు. అందరికీ భలే సరదా వేసింది. నాట్యం ముగించి పక్కన వసారాలోకి వెళ్లారు, అక్కడే కూలిపోయారు. డాక్టర్లు గంటకు పైగా ప్రయత్నించారు, లాభం లేకపోయింది.

వేషంలో తప్పేమీ లేదు, నాట్యంలో అసలే లేదు. నాకు నవ్వొచ్చేది ఆ తర్వాతి హడావుడి చూస్తేనే. వేలమంది ఆఫీసర్ల తలరాతలు రాసే ఆఫీసు ఎవరికీ జవాబుదారీ కానక్కర్లేదని ఏళ్ల తరబడి ఎవరూ సిగ్గుపడలేదు. గౌను సంగతి బయటికి పొక్కకూడదని మాత్రం కోట కోటంతా సిగ్గుపడింది. గుండెపోటు అన్నది పత్రికలకు అందింది, కుచ్చులు అందలేదు. జెడ్‌లిట్స్ జ్ఞాపకాలు 1920ల్లో అచ్చయ్యేసరికి కైజర్ గారు రాజ్యం పోగొట్టుకుని నెదర్లాండ్స్‌లోని డోర్న్‌లో కట్టెలు కొట్టుకుంటున్నారు.

కుర్చీ మాత్రం ఖాళీగా ఉండలేదు. 1908లోనే మోరిట్స్ ఫాన్ లింకర్ వచ్చి కూర్చుని 1918 దాకా నీలం కవర్లు నడిపించారు. వాటన్నిటిలో పెద్దది కవరు లేకుండానే వెళ్లింది. 1906లో ష్లీఫెన్ దిగిపోయాక జనరల్ స్టాఫ్ అధిపతిగా కైజర్ ఎంచుకున్నది ఇంకో ఏడీసీనే, 1870లో ఫ్రాన్స్‌ను ఓడించిన పాత ఫీల్డ్ మార్షల్ మోల్ట్కే తమ్ముడిగారి అబ్బాయిని (బెర్లిన్ కమాండెంట్ కునో కాదు). తన వల్ల అవుతుందా అని ఆయనకే అనుమానం. అయినా పేరు మోల్ట్కే, మనిషి తెలిసినవాడు, ఇంకేం కావాలి? 1914 సెప్టెంబర్ 14న, ఫ్రాన్స్‌లో మార్న్ నది దగ్గర జర్మన్ సైన్యం వెనక్కి తగ్గాక, ఆ మోల్ట్కే దగ్గరికి లింకర్ గారు స్వయంగా వెళ్లారు. మీకు ఒంట్లో బాగోలేదు, సెలవు పెట్టండి అని చెప్పి వచ్చారు.