మహారాజశ్రీ ఎగ్ రోల్ గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. తమరి కుశలానికేం లోటు లేదు, ప్లేటులో నిగనిగలాడుతూనే ఉన్నారు. నా కుశలం సంగతే పోయిన వారం రక్తపరీక్ష రిపోర్టులో వచ్చింది. ట్రైగ్లిజరైడ్ల (అంటే రక్తంలోని ఒక రకం కొవ్వు) పక్కన ఒక బాణం గుర్తు, మొహం పైకి పెట్టుకుని ఉంది. "బయట ఏం తింటుంటారు?" అని డాక్టరుగారు అడిగితే "ఎక్కువగా క్యాబేజీయేనండీ" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. ఆ క్యాబేజీ దేంట్లో చుట్టి ఉంటుందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ముందు తమరి పేరు సంగతి తేల్చుకుందాం. తమరు మన వీధి బండి మీది గుడ్డు పరాఠా చుట్ట కాదు, అమెరికాలోని చైనీస్ రెస్టారెంట్లలో పెరిగి పెద్దయిన, నూనెలో వేగే మైదా చుట్ట. నేతి బీరకాయకు తమరేమవుతారు, మేనల్లుడా? లోపల చూస్తే క్యాబేజీ, క్యారెట్, కాస్త పంది మాంసమో రొయ్యలో. గుడ్డేదండీ అంటే, పైపొర పిండిలో కలిపామని ఒకరు, అంచు ఊడకుండా సొన రాశామని ఇంకొకరు. జిగురు పనికి కుదిరినవాడి పేరు బోర్డు మీదికెక్కించిన ఘనత తమరిదే. ఆ గుడ్డునే ఉడకబెట్టుకుని తింటే 75, 80 కేలరీలకు 6 గ్రాముల ప్రొటీన్ చేతికొస్తుంది. తమరు మాత్రం, 90 గ్రాముల ఒక్క రోల్‌కు సుమారు 220 కేలరీలు రాబట్టుకుని ఇచ్చేది 7 గ్రాములు. ఆ 220లో నూటికి దగ్గరగా కొవ్వు నుంచి వచ్చినవే. మిగిలినదాంట్లో ఎక్కువ వాటా మైదాది.

"మరి నా కూరగాయలో?" అంటారు. ఉన్నాయి, కాదనను. వంద గ్రాముల క్యాబేజీలో ఉండేది 25 కేలరీలే, తొంభై వంతులకు పైగా నీళ్లు. పైపొర నానిపోకుండా ఆ నీళ్లు కూడా ముందే పిండేస్తారు. మిగిలిన పీచు తమరి తరఫున సాక్షి సంతకం పెట్టడానికి మాత్రం బాగా పనికొస్తోంది. నేను డాక్టరుగారి దగ్గర వాడుకున్నది ఆ సాక్షినే.

ఇక అసలు ఫిర్యాదు. ఇన్నేళ్లూ బాణలిని అనుమానించాను. తీరా తెలిసిందేమిటంటే, బాణలిలో ఉన్నంతసేపూ తమరు మహా నిష్ఠాపరులు. 180 డిగ్రీల దగ్గర కాగిన నూనెలో దిగగానే బుసబుసమని బుడగలొస్తాయి. తమరి ఒంట్లోని నీరు ఆవిరై బయటికి తోసుకొస్తుంటుంది, ఆ తోపుడుకి నూనె లోపలికి దూరలేదు. చిల్లుల గరిటెతో పైకి తీశాక చూడాలి తమరి బుద్ధి. ఒళ్లు చల్లబడేకొద్దీ లోపలి ఆవిరి మళ్లీ నీరవుతుంది, ఆ ఖాళీలోకి ఒంటికి అంటుకున్న నూనెను జుర్రుకుంటారు. ఉపవాసమంతా గుళ్లో, ఫలహారమంతా గుమ్మం దిగాక!

నిన్న ఇంట్లో వేయించి, ఒకదాన్ని టిష్యూ మీద పెట్టి, కళ్లార్పకుండా చూశాను. అర నిమిషం కాలేదు, కాగితం మీద రూపాయి బిళ్లంత మరక. అది పెరిగి పెరిగి, అందులోంచి కింద బల్ల చెక్క గీతలు కనబడ్డాయి. రెండోదాన్ని తీసీతీయగానే కాగితంతో అన్ని వైపులా ఒత్తేశాను. తమరు తాగబోయే గుక్కను మూతి దగ్గర లాక్కున్నట్టు. ఈ ఒత్తుడేదో అప్పుడే జరగాలి. తీరిగ్గా ఐదు నిమిషాలయ్యాక తుడిస్తే టిష్యూ శుభ్రంగా ఉంటుంది, తమరు తృప్తిగా ఉంటారు.

నూనె సరిగ్గా కాగకముందే తొందరపడి వేసేవాళ్లంటే తమరికి ప్రాణం. పైపొర గట్టిపడటం ఆలస్యమవుతుంది, ఈలోగా తాగినంత తాగొచ్చు. పదే పదే మరిగి చిక్కబడిన నూనె అయితే మరీ ప్రీతి, పైకి తీసినా ఒంటిని వదలదు.

ఉప్పు లెక్క కూడా చూశాను. తమరొక్కరిలో 400 మిల్లీగ్రాముల పైచిలుకు సోడియం. పెద్దవాళ్లకు రోజంతా కలిపి 2000 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మూడు తిని, వెంట ఒక పెద్ద చెంచాడు సోయా సాస్ కానిస్తే (అందులోనే 900 దాకా ఉంటుంది) ఆ రోజు కోటా అయిపోయి, మర్నాటి ఖాతాలోంచి అప్పు తీసుకోవాలి. మూడెందుకు, ప్యాకెట్ మీద పోషక విలువలన్నీ ఒక్కదానికే కదా అంటారేమో. ఒక్కటి తిని లేచిన మనిషిని నాకు చూపించండి, కాళ్లకు దండం పెడతాను.

పోనీ ఓవెన్‌లో కాల్చుకోమన్నారు. కాల్చాను. కొవ్వు బాగా తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ పైపొర మీద ఆ చిన్న చిన్న పొక్కులు రాలేదండీ. కొరికితే కరకరమనాల్సింది బిస్కెట్‌లా పుటుక్కుమంది. ఫిర్యాదు చేసేవాడు ఇలాంటి విషయాలు రాయకూడదని తెలుసు, అయినా రాశాను.

కాబట్టి రాజీ షరతులు ఇవి: నెలకోసారే రాక, వచ్చినా ఒక్కరే, దిగగానే కాగితంతో ఒత్తుడు, సోయా సాస్‌ను వెంట తీసుకురాకూడదు. మళ్లీ రక్తపరీక్ష మూడు నెలల్లో ఉంది. చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారు

మరిచాను. ఈ ఉత్తరం కింది మూల మరకలోంచి అవతలి పేజీ కనబడుతుంది. ఒత్తిన కాగితాలు ఎక్కడ పడేయాలో తోచక కాదు, షరతులు రాసేటప్పుడు చేతిలో నాలుగోది ఉంది.