కార్తేజ్‌లో ఉప్పు చల్లలేదు, ఆ జనం మాయమైపోలేదు

“క్రీ.పూ. 146లో రోమన్లు కార్తేజ్‌ను నేలమట్టం చేసి, గడ్డి కూడా మొలవకుండా ఉప్పు చల్లారు. దానితో ఆ జాతే అంతరించింది. రెండు నగరాల పగ అలా తీరింది.” ఉత్తర ఆఫ్రికా తీరంలో రోమ్‌కు ప్రత్యర్థిగా నిలిచిన నగరం కార్తేజ్. సామాజిక మాధ్యమాల్లో తరచూ తిరిగే ఈ మాటల్లో నగరం నేలకూలడం ఒక్కటే నిజం.

ముందు ఉప్పు సంగతి. కార్తేజ్ పతనాన్ని వివరంగా వర్ణించిన చరిత్రకారుడు అప్పియన్ సహా, మనకు దొరికిన ప్రాచీన రచయితల్లో ఒక్కరూ ఉప్పు మాట ఎత్తలేదు. షెకెము పట్టణాన్ని పడగొట్టి అబీమెలెకు ఉప్పు చల్లించినట్లు బైబిల్లో ఉంది. కార్తేజ్‌కు ఈ కథ అతుక్కున్నది ఎన్నో శతాబ్దాల తర్వాత. అయినా చేతికొచ్చిన పంటనేలను ఎవరు చెడగొట్టుకుంటారు? ఆ భూములను రోమ్ తన ప్రభుత్వ భూములుగా కలుపుకుంది. పాతికేళ్లయినా తిరగకముందే రోమన్ నాయకుడు గయస్ గ్రాకస్ అక్కడ రోమన్ రైతులను స్థిరపరచబోయాడు. తర్వాతి కాలంలో రోమ్ నగరానికి తిండి పెట్టినవాటిలో ఆఫ్రికా ధాన్యం ముఖ్యమైనది.

జాతి అంతరించిందనడం ఇంకా పెద్ద పొరపాటు. కార్తేజ్ నడిబొడ్డున ఉన్న బిర్సా కోట నుంచి ప్రాణాలతో బయటికి వచ్చినవారు 50,000 మంది అని అప్పియన్ లెక్క. వాళ్లను బానిసలుగా అమ్మారు. ఈ ఘోరాన్ని ఎవరూ తలచుకోరు, లేని ఉప్పును మాత్రం వర్ణించి వర్ణించి చెబుతారు! రోమ్ పక్షాన చేరిన ఉటికా పట్టణం నిలిచి, కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది. తీరంలోని ఇతర ఊళ్లలో కార్తేజ్ వాళ్ల ప్యూనిక్ భాష బతికే ఉంది. ఐదు శతాబ్దాలు దాటాక కూడా ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణ పరిసర గ్రామాల్లో ఆ భాష మాట్లాడేవారని అక్కడి బిషప్ అగస్టిన్ రాశాడు. రోమ్ చక్రవర్తి అయిన సెప్టిమియస్ సెవెరస్ పుట్టిన లెప్టిస్ మాగ్నా కూడా ప్యూనిక్ మూలాలున్న ఊరే.

ఇక “రెండు నగరాల పగ”. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఆ పగలో వేరే నగరాలూ నలిగిపోయాయి. స్పెయిన్‌లో రోమ్‌కు మిత్రనగరమైన సగుంటం క్రీ.పూ. 219లో ఎనిమిది నెలలు కార్తేజ్ సేనాని హన్నిబల్ ముట్టడిలో మగ్గింది. రోమ్ సాయం రాలేదు, ఊరు నాశనమైంది. సిసిలీలోని గ్రీకు నగరం అగ్రిజెంటం గతి మరీ దారుణం. క్రీ.పూ. 261లో కార్తేజ్ సైన్యం రాత్రికి రాత్రి తప్పించుకుపోగా, రోమన్లు ఊరి జనాన్ని పట్టి అమ్మేశారు. కొన్నేళ్లకు కార్తేజ్ సేనాని కార్తలో వచ్చి ఊరికి నిప్పు పెట్టాడు. క్రీ.పూ. 210లో రోమన్లు మళ్లీ పట్టుకుని, నాయకులను చంపి, మిగిలినవారిని మరోసారి అమ్మారు.