పెంచకుండానే పెరిగే పన్ను

బడ్జెట్ రోజున ఆర్థిక మంత్రులకు ఇష్టమైన మాట ఒకటుంది: కొత్త పన్నులు లేవు. అబద్ధమేమీ కాదు. విన్నవాళ్లు కూడా హమ్మయ్య అనుకుంటారు. కానీ హైదరాబాద్‌లో నెల జీతం మీద బతికే మనిషి పే స్లిప్పును, కూకట్‌పల్లిలో ఓ చిన్న హోటల్ లెక్కల పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. రేటు కదలకుండానే పన్ను పెరుగుతోంది. అదీ బాగా సంపాదించే వాళ్ల మీద కాదు, పనికోసం పొద్దున్నే ఇల్లు కదిలే వాళ్ల మీద.

ముందుగా, తెలంగాణ ప్రభుత్వం జీతంలోంచి నెలనెలా తీసుకునే వృత్తి పన్ను. నెలకు రూ.15,000 దాకా జీతమైతే ఏమీ లేదు. 15,001 నుంచి 20,000 దాకా రూ.150, ఆ పైన ఎంతొచ్చినా రూ.200. ఈ శ్లాబులు ఉమ్మడి రాష్ట్రంలో 2013 ఫిబ్రవరిలో పెట్టినవి. ఆ తర్వాత రాష్ట్రం విడిపోయింది, ప్రభుత్వాలు మారాయి, శ్లాబులు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఆనాడు పదిహేను వేలంటే చిన్న కుటుంబం ఎలాగోలా నెల నెట్టుకొచ్చేది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డు, అమీర్‌పేట బట్టల షాపులో రోజంతా నిలబడే సేల్స్‌గర్ల్ కూడా ఆ గీత దాటుతున్నారు. వాళ్ల బతుకు బాగుపడి కాదు, రూపాయి విలువ తగ్గి. కోకాపేటలో నెలకు అయిదు లక్షలు తీసుకునే మేనేజరు కట్టేదీ అదే రూ.200.

మేనేజరు విషయంలో రాష్ట్రాన్ని తప్పుపట్టలేం. వృత్తి పన్ను ఏడాదికి రూ.2,500 మించకూడదని రాజ్యాంగం 276వ అధికరణమే చెబుతోంది. 1988లో సవరించిన ఆ పరిమితి మళ్లీ మారలేదు. పైవాళ్ల మీద పెంచాలంటే పార్లమెంటు కదలాలి. కిందివాళ్లను వదిలేయడానికి మాత్రం సచివాలయం చాలు. కర్ణాటక 2023 ఏప్రిల్ నుంచి రూ.25,000 లోపు జీతాలకు వృత్తి పన్ను ఎత్తేసింది. మహారాష్ట్ర అదే ఏడాది మహిళా ఉద్యోగులకు 25,000 దాకా మినహాయింపు ఇచ్చింది. పెట్టుబడుల విషయంలో బెంగళూరుతో పోటీ అని రోజూ చెప్పుకుంటున్నాం కదా, ఈ ఒక్క పోటీలో మాత్రం ఎందుకు దిగలేదో అర్థం కాదు.

నెలకు 150 రూపాయలు కూడా ఒక లెక్కా అనేవాళ్లుంటారు. విడిగా చూస్తే కాదు. కానీ ఆ గార్డు జీతంలో పీఎఫ్ కింద 12 శాతం ముందే పోతుంది, ఉద్యోగుల వైద్య బీమా ఈఎస్ఐకి ఇంకొంత. 2017 జనవరిలో పెట్టిన రూ.21,000 ఈఎస్ఐ పరిమితి ఏళ్ల తరబడి కదల్లేదు కాబట్టి, జీతం కాస్త పెరిగి ఆ అంకె దాటితే ఈఎస్ఐ వైద్యానికే దూరమవుతాడు. ఇది కేంద్రం వ్యవహారం. (ఇంక్రిమెంట్ వద్దు మహాప్రభో అని ఉద్యోగి దండం పెట్టే పరిస్థితి ఇలాంటి అంకెల వల్లే వస్తుంది.)

అసలు బరువు పెట్రోలు, డీజిల్ దగ్గర ఉంది. తెలంగాణలో పెట్రోలు మీద రాష్ట్ర అమ్మకపు పన్ను, అంటే వ్యాట్, 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. 2015 జనవరిలో పెంచిన రేట్లివి. 2021 నవంబరులోనూ, 2022 మేలోనూ కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించినప్పుడు మొదటిసారి చాలా రాష్ట్రాలు, రెండోసారి కొన్ని తమ వంతుగా వ్యాట్ తగ్గించాయి. 2015 తర్వాత మేం పెంచిందే లేదు, తగ్గించేదేమిటని అప్పటి ప్రభుత్వం వాదించింది. ఆ వాదనలోనే కిటుకు ఉంది. వ్యాట్ శాతాల్లో ఉంటుంది. డీజిల్ అసలు ధర లీటరుకు పది రూపాయలు పెరిగితే ఏ జీవో లేకుండానే రాష్ట్రానికి మరో రూ.2.70 వచ్చిపడుతుంది. నాడు ప్రతిపక్షంలో ఉండి ఈ వాదనను ఎండగట్టిన పార్టీ ప్రభుత్వంలోకి వచ్చాక కూడా అవే రేట్లు నడిచాయి.

2024 మార్చి తర్వాత చాలాకాలం హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు రూ.107 దగ్గరే తిరిగింది. అందులో దాదాపు రూ.28 రాష్ట్ర వ్యాట్. బైకు మీద రోజుకు రెండు లీటర్లు ఖర్చు పెట్టే డెలివరీ కుర్రాడు నెలలో 26 రోజులు తిరిగితే రాష్ట్ర ఖజానాకు కట్టేది సుమారు రూ.1,450. అతని పెట్రోలు సరదా షికారుకి కాదు, అది అతని పనిముట్టు. సాఫ్ట్‌వేర్ మేనేజరు తన ఉద్యోగం మీద కట్టే వృత్తి పన్నుకు ఇది ఏడు రెట్లు. పైగా పెట్రోలు, డీజిల్ జీఎస్టీలో లేవు కాబట్టి వ్యాపారికి ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, తిరిగి రాదు. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి టమాటా మోసుకెళ్లే ట్రాలీ ఆటో మీద పడినదంతా టమాటా మీదే చేరుతుంది. ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్ ట్యాక్స్ ఎత్తేయడం మంచి పనే. అయితే పాత బండి ఈఎంఐ ఇంకా తీరనివాడికి దాంతో ఒరిగేదేముంది?

ఇప్పుడు హోటల్ యజమాని వైపు నుంచి చూద్దాం. చిన్న హోటళ్లు కస్టమర్ దగ్గర 5 శాతం జీఎస్టీ తీసుకుంటాయి, కానీ వాటికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. షాపు అద్దె మీద మాత్రం 18 శాతం జీఎస్టీ పడుతుంది. అద్దె లక్ష అయితే ఆ పద్దెనిమిది వేలు యజమాని జేబులోంచే. జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం అని రాష్ట్రం చేతులు దులుపుకోవచ్చు; ఆ కౌన్సిల్‌లో తెలంగాణకూ కుర్చీ ఉంది, ఆ పద్దెనిమిదిలో తొమ్మిది తెలంగాణదే. దీనికి రోడ్డు వెడల్పును బట్టి చదరపు అడుగుల లెక్కన వసూలు చేసే ట్రేడ్ లైసెన్స్ ఫీజు, గ్యాస్, కరెంటు తోడు. అన్నీ కట్టాక సర్వర్‌కు పద్దెనిమిది వేలు ఇస్తానంటాడు. రూమ్ అద్దె, బస్సు, ఊళ్లో ఇంటికి పంపాల్సింది పోగా ఏం మిగులుతుందని సర్వర్ అడుగుతాడు. ఇద్దరి లెక్కలూ సరిగ్గానే ఉన్నాయి. అందుకే ‘మనుషులు కావలెను’ బోర్డు తలుపుకు నెలల తరబడి వేలాడుతూనే ఉంటుంది, అదే ఊళ్లో పని లేదనే కుర్రాళ్లూ ఉంటారు. మనవాళ్లకు కష్టపడే బుద్ధి లేదని తీర్పు చెప్పేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుంటుంది.

పని ఉన్నచోట ఇల్లు దొరకదు, ఇల్లు దొరికే చోట పని లేదు. మాదాపూర్‌లో పనిచేసే ఆఫీస్ బాయ్ పటాన్‌చెరు అవతల ఉంటాడు. సొంత ఇల్లు కొనుక్కుందామంటే రిజిస్ట్రేషన్ ఖర్చు 2021 జులైలో 6 నుంచి 7.5 శాతానికి పెరిగింది. అరవై లక్షల ఫ్లాట్‌కు నాలుగున్నర లక్షలు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ, అంటే ఇంకో మూడు లక్షలు. ఇంటిని పెట్టుబడిగా కొనేవాడు ఆ ఏడున్నర లక్షలను అద్దెలో రాబట్టుకోవాలనే చూస్తాడు.

ప్రయాణం ఖర్చు తగ్గితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. 2023 డిసెంబరులో మహాలక్ష్మి కింద మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం చేశారు. ఊరవతల బస్తీ నుంచి నాలుగిళ్లలో పని చేసుకోవడానికి వచ్చే మహిళకు అది జీతం పెంపుతో సమానం. దూరం ఎక్కువని వదులుకున్న పని మళ్లీ అందుబాటులోకి వస్తుంది. ఈ పథకాన్ని మేము సమర్థిస్తాం. కానీ 2025 మేలో మెట్రో కనీస చార్జీ రూ.10 నుంచి 12కు, గరిష్ఠం రూ.60 నుంచి 75కు వెళ్లి, గోల లేచాక 11, 69 దగ్గర ఆగింది. అక్టోబరులో సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు రూ.5, ఆ పైన రూ.10 పెంచారు. భార్యకు మిగిలిన డబ్బులు భర్త టికెట్టుకు పోయే ఇళ్లు చాలానే ఉన్నాయి.

బాలానగర్, జీడిమెట్ల లేత్ షెడ్ల కథ ఇంకో రకం. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక వాడల భూములను ఫీజు కట్టి నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునే విధానం 2025 నవంబరులో వచ్చింది. కాలుష్య పరిశ్రమలు ఊరు దాటాల్సిందే, అందులో వాదన లేదు. కానీ పదిమంది టర్నర్లు, ఫిట్టర్లతో జాబ్ వర్క్ చేసుకునే షెడ్డు కాలుష్యం కోసం మూతపడదు, స్థలం విలువ కోసం మూతపడుతుంది. ఆ పదిమందీ రోజూ ఔటర్ అవతలికి వెళ్లిరావాలంటే మళ్లీ పెట్రోలే.

రాష్ట్రం ఇబ్బందులు మాకు తెలియనివి కావు. జీఎస్టీ వచ్చాక సొంతంగా రేటు పెట్టుకునే పన్నులు కొన్నే మిగిలాయి. ముఖ్యమైనవి ఇంధనం, మద్యం, రిజిస్ట్రేషన్లే. జీఎస్టీ నష్టపరిహారం 2022 జూన్‌తో ఆగిపోయింది. పథకాలకూ, పాత అప్పులకూ డబ్బు కావాలి. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు ఇక్కడి కంటే ఖరీదే. ఇవన్నీ ఒప్పుకుంటూనే ఒక మాట అడగాలి. 2,620 మద్యం దుకాణాల లాటరీలో షాపు రాకపోయినా తిరిగివ్వని మూడు లక్షల దరఖాస్తు ఫీజు పెట్టి వేల కోట్లు రాబట్టిన తెలివి, పదిహేను వేలు దాటిన జీతగాడికి నూటయాభై వదిలేసే దారి వెతకడానికి పనికిరాదా?

రిజిస్ట్రేషన్‌లో ముప్పై లక్షల ఇంటికీ మూడు కోట్ల విల్లాకూ ఒకే శాతం ఎందుకుండాలి? చిన్న ఇంటికి తగ్గించి పెద్దదానికి పెంచితే ఆదాయం పడిపోకుండా చూసుకోవచ్చు. డీజిల్ వ్యాట్‌కు శాతం బదులు లీటరుకు ఇన్ని రూపాయలని గరిష్ఠం పెట్టవచ్చు. కనీస వేతనాలను అయిదేళ్లకోసారి సవరించాలన్నది ఎప్పటి నుంచో ఉన్న నియమం. 2021లో అయిదు రంగాలకు జీవోలు తయారైనా గెజిట్‌లో అచ్చు కాకుండానే ఏళ్లు గడిచిపోయాయి. ఇవన్నీ కొంత సమయం తీసుకునే పనులనుకుందాం. వృత్తి పన్ను మినహాయింపును రూ.25,000కు పెంచడానికి మాత్రం వచ్చే బడ్జెట్ దాకా ఆగాల్సిన అవసరం కూడా లేదు. 2013లో ఈ శ్లాబులు మారింది ఒక్క జీవోతోనే.