ఫెరారీ టైమింగ్ బెల్ట్ గారికి మహారాణిపేట అల్లుడి లేఖ

మహారాజశ్రీ ఫెరారీ 348 టైమింగ్ బెల్ట్ గారి సముఖానికి, విశాఖపట్నం మహారాణిపేట నుంచి ఒక ఇంటల్లుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. స్లాబు నుంచి ఊడిన పెచ్చు మా అత్తయ్యగారి నెత్తిన కాకుండా పక్క కుర్చీలో పడింది కాబట్టి ఇక్కడ అందరం క్షేమం.

ఇంజిన్‌లో వాల్వుల్ని పిస్టన్లతో లయ తప్పకుండా ఆడించే రబ్బరు పట్టీ అయిన తమరిని మార్చే టైమ్ మళ్ళీ అయిందని నిన్న ఆదివారం సాయంత్రం తెలిసింది. న్యూజెర్సీ నుంచి మా బావమరిది, అదే తమరున్న ఫెరారీ 348 కారు యజమాని, ఫోన్ చేస్తాడు, స్లాబు రిపేరుకి తన వాటా సంగతి తేలుస్తాడు అని మేస్త్రీని కూడా పిలిచి కూర్చోబెట్టాం. పాపం ఆయన ఎస్టిమేటు కాగితం మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు. మావాడు రావడమే "బావా, ఈ నెల కుదరదు, బెల్ట్ సర్వీసు వచ్చింది" అన్నాడు. ముందు సంక్రాంతి అన్నాడు, తర్వాత ఉగాది, ఆ తర్వాత వినాయక చవితి. ఇక మాకు పండగలు మిగల్లేదు.

అంతటితో ఊరుకున్నాడా? మెకానిక్ పంపిన వీడియో కూడా చూపించాడు. ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక సస్పెన్షన్ అన్నీ కలిపి ఒకే ముద్దగా బల్ల మీద ఉన్నాయి. పైన గాల్లో ఎర్రటి కారు డొల్ల. మేస్త్రీ కళ్ళజోడు సర్దుకుని ఫోన్ దగ్గరకు లాక్కున్నాడు. "ఏటి బాబూ, ఓ రబ్బరు బెల్టు కోసం ఇంజినంతా దింపీసినారా?"

దింపాలి మేస్త్రీ గారూ. వీరు కాపురం పెట్టింది సీట్ల వెనక గోడకీ ఇంజిన్‌కీ మధ్య, చెయ్యి దూరని సందులో. ఫెరారీలోనే ఎఫ్355 మోడల్ వాళ్ళకీ ఇదే ఖర్మ, టెస్టరోసా వాళ్ళకీ ఇదే ఖర్మ. 1999లో 360 మోడల్ వచ్చాక గానీ సీట్ల వెనక మూత తీసి పని కానిచ్చే ఏర్పాటు చెయ్యలేదు. 2004లో ఎఫ్430కి అసలు బెల్టే వద్దని చెయిన్ పెట్టుకున్నారు. అంటే మీ పుట్టింటివాళ్ళే మిమ్మల్ని భరించలేకపోయారన్నమాట.

అదంతా సరే. నాకు మింగుడు పడనిది వేరే ఉంది. మావాడు ఆ కారు బయటికి ఎప్పుడు తీస్తాడని? వానొస్తే తీయడు. ఎండ ఎక్కువైతే తీయడు. మంచు పడితే రోడ్ల మీద ఉప్పు చల్లుతారని తీయడు. మీటరు తిరిగితే రేటు పడిపోతుందని మిగతా రోజుల్లోనూ తీయడు. అయినా మీరు ముసలివారైపోతారు! తిరిగి తిరిగి అరిగారంటే అర్థం ఉంది. గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పడుకుని, ఒక్క పన్నూ అరక్కుండా, ఉత్త క్యాలెండర్ చూసుకుని ముసలివారవడం ఏమిటండీ? రబ్బరు కదా, కూర్చున్నా వయసైపోతుందట. మూడేళ్ళకే మార్చాలని ఒక వర్గం, ఐదేళ్ళు ఆగొచ్చని ఇంకో వర్గం. మావాడు మూడేళ్ళ పార్టీ.

పోనీ మార్చకపోతే? మీరు తెగుతారు. పిస్టన్లు పైకొచ్చి వాల్వుల్ని గుద్దుతాయి. ఇంజిన్ పోతుంది. బెదిరించడమంటే ఇదీ.

పోనీ ఒక్కరే వస్తారా? "ఎలాగూ ఇంజిన్ దింపాం కదా" అని టెన్షనర్ బేరింగులు, వాటర్ పంపు, సీళ్ళు, గొట్టాలు, అన్నీ మీ వెనకే. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలుండవు. నేనూ అల్లుణ్ణే, నాకు తెలుసు. బిల్లు 10,000 డాలర్లు దాటడం మామూలేనట. మన లెక్కలో 8 లక్షల పైమాట. మేస్త్రీ జేబులోని కాగితంలో ఉన్నది అందులో సగం కూడా లేదు.

ఇదంతా పెట్టుబడి అంటాడు మావాడు. ఫెరారీ 250 జీటీఓ అనే పాత కారు 2018 వేలంలో 4.84 కోట్ల డాలర్లు పలికిందని మాకు వినిపిస్తాడు. నాయనా, అవి చేసిందే 36. పైగా వాటి ఇంజిన్లలో ఉండేది చెయిన్. నీ 348ని అప్పటి ఫెరారీ కంపెనీ చైర్మన్ మాంటెజెమోలోయే బహిరంగంగా తిట్టిపోశాడు.

బెల్ట్ గారూ, ఒకసారి మా హాల్లోకి వచ్చి తల పైకెత్తి చూడండి. పెచ్చు ఊడిన చోట ఇనప చువ్వలు కనిపిస్తాయి. సముద్రపు గాలికి తుప్పు పట్టి, ఉబ్బి, పొరలు పొరలుగా లేచిపోయి, వేలితో గీరితే ఎర్రగా పొడి రాలుతోంది. 2014లో హుద్‌హుద్‌కి బీచ్ రోడ్డంతా అతలాకుతలమైనా ఈ స్లాబు బెసకలేదు. ఆ చువ్వలు ఎప్పుడైనా మూడేళ్ళకోసారి మార్చమని అడిగాయా? ఫలానా టైముకి తెగుతామని బెదిరించాయా? అక్కడ రోడ్డు మీద ఉప్పు తగులుతుందని కారుకి దుప్పటి కప్పాడు. ఇక్కడ ఉప్పుగాలికి కన్నవాళ్ళ నెత్తిన ఇల్లు రాలుతుంటే వచ్చే పండక్కి చూద్దాం అంటున్నాడు. నీ వల్ల కాదటే ఇదంతా? మూరెడు రబ్బరు ముక్కవి, నీకెందుకే అంత పొగరు?

మా మామయ్యగారు అడ్డం వచ్చారు గానీ, నిన్ననే మావాణ్ణి నాలుగు దులిపేసేవాణ్ణి. ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు. మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోరు. కానీ పోయినసారి వీడు ఫోన్లో ఆ ఇంజిన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే ఆ చప్పుడు ఆయనకి వినపడింది. ఈలలాగా మొదలై పైపైకి పోతుంటే "అబ్బ, ఏం పాడుతోందిరా!" అని చిన్నపిల్లాడిలా నవ్వారు. నిన్న కూడా పెచ్చు సంగతి, డబ్బు సంగతి ఏమీ పట్టించుకోకుండా "ఓసారి స్టార్ట్ చెయ్యరా" అన్నారు. ఇంజిన్ బల్ల మీద ఉంది నాన్నా అన్నాడు వాడు. పెద్దాయన మొహం చూడలేకపోయాను.

కాబట్టి సరే, మారు. ఆయన కోసం మారు. కానీ ఈసారి ఐదేళ్ళు. అంతకంటే ఒక్క రోజు ముందు నీ పేరు వినపడిందో, ఎస్టిమేటు కాగితంతో సహా మా మేస్త్రీని న్యూజెర్సీ విమానం ఎక్కిస్తాను. పెచ్చులు కొట్టే సుత్తి ఆయన సంచీలోనే ఉంటుంది.

ఇట్లు,
మహారాణిపేట అల్లుడు