‘తాగావా?’ అని అడిగే ముందు

పశ్చిమ ఆస్ట్రేలియాలో నేరం చేసి శిక్ష పడిన పిల్లల్ని బ్యాంక్సియా హిల్ నిర్బంధ కేంద్రంలో ఉంచుతారు. అక్కడ 99 మందిని వైద్య బృందం ఒకటి నిశితంగా పరీక్షిస్తే, 36 మందికి ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్, క్లుప్తంగా ఎఫ్ఏఎస్‌డీ, ఉన్నట్టు తేలింది. కడుపులో ఉండగా చేరిన మద్యం వల్ల మెదడు దెబ్బతిని పుట్టిన పిల్లలన్నమాట. 2018లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి. ఆ 36 మందిలో అంతకుముందే ఆ సంగతి గుర్తించింది ఇద్దరికే. మిగతా 34 మంది బడి, పోలీసు, కోర్టు అన్నీ దాటుకుంటూ జైలు దాకా వచ్చినా ఎవరికీ అనుమానం రాలేదు.

రాకపోవడానికి కారణం ఉంది. పైపెదవి పలచగా ఉండటం, ముక్కుకీ పెదవికీ మధ్య గాడి చదునుగా ఉండటం, చిన్న కళ్లు అంటూ పుస్తకాల్లో రాసే పోలికలు కొద్దిమందిలోనే కనిపిస్తాయి. ముఖం రూపు కట్టేది గర్భం తొలి వారాల్లో. మెదడు మాత్రం తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. తల్లి రక్తంలోని మద్యం మాయ దాటి బిడ్డకు చేరుతుంది. దాన్ని విరగ్గొట్టే శక్తి బిడ్డ కాలేయానికి ఇంకా రాదు. ఉమ్మనీటిలోకి చేరింది అంత త్వరగా పోదు. అందుకే ఇంత వరకైతే ఫరవాలేదు అని చెప్పగలిగిన కొలత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

ఇలాంటి పిల్లాడు ఇంట్లో ఎలా ఉంటాడు? నిన్న గడగడా అప్పజెప్పిన ఎక్కం ఇవాళ ఒక్క ముక్క రాదు. ‘బ్యాగు సర్దుకుని, చెప్పులేసుకుని, గేటు వేసి రా’ అంటే గేటు దగ్గరికి ఉత్త చేతులతో వచ్చి నిలబడతాడు. ఎవరు దోస్తీ చేస్తే వాళ్ల వెంట పోతాడు, వాళ్లు చెప్పింది చేస్తాడు, దొరికిపోతాడు. మాట మాత్రం చక్కగా మాట్లాడతాడు కాబట్టి పంతులు ‘అంతా తెలుసు, మొండితనం’ అంటాడు. దెబ్బలు పడతాయి. దెబ్బకీ తప్పుకీ ఉన్న లంకెను పట్టుకునే చోటే మెదడుకు లోటు ఉంటే, ఎన్ని దెబ్బలు పడి ఏం లాభం? ఒకసారి ఒక్క మాటే చెప్పడం, రోజూ ఒకే వేళకు ఒకే పని, వయసుకంటే రెండు మూడేళ్లు చిన్నవాడనుకుని మెలగడం. మందులతో నయం కాని ఈ సమస్యకు పనికొచ్చేవి ఇలాంటివే. ఇవి ఇంట్లోవాళ్లకి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. అదీ పిల్లాడికి ఆరేళ్లు నిండకముందే అయితే మేలు. అమెరికాలో 1990లలో పరిశోధకురాలు ఆన్ స్ట్రైస్‌గూత్ బృందం 400 మందికి పైగా బాధితులను పరిశీలించి చెప్పిందీ అదే: త్వరగా గుర్తించి, నిలకడైన ఇల్లు ఇస్తే తర్వాతి కష్టాలు తగ్గుతాయి.

బ్యాంక్సియా హిల్ ఉన్న రాష్ట్రంలోనే, ఉత్తరాన కింబర్లీ ప్రాంతంలో ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ అనే చిన్న ఊరుంది. వరస ఆత్మహత్యలతో ఊరు కుమిలిపోతున్న రోజుల్లో, 2007లో, జూన్ ఆస్కార్, ఎమిలీ కార్టర్ వంటి ఆదివాసీ మహిళలు ముందుకొచ్చి దుకాణాల్లో ఘాటు మద్యం పార్సిల్ అమ్మకాలు ఆపించారు. సొంత మనుషుల్లోనే కొందరు వాళ్లను తిట్టిపోశారు. అయినా అక్కడితో ఆగలేదు. ఇప్పటికే పుట్టిన పిల్లల సంగతేమిటని వాళ్లే అడిగి, వాళ్లే డాక్టర్లను పిలిపించుకున్నారు. 2002, 2003లలో పుట్టిన పిల్లల్లో 108 మందిని పరీక్షిస్తే దాదాపు ఐదుగురిలో ఒకరికి ఎఫ్ఏఎస్‌డీ అని తేలింది. సగానికి పైగా తల్లులు గర్భంతో ఉండగా తాగామని చెప్పారు.

అలా చెప్పడమే ఈ కథలో నాకు పెద్ద విషయం. ఆ ప్రశ్న అడిగినవాళ్ల పక్కన ఆ తల్లుల భాష, బంధుత్వాలు తెలిసిన స్థానికులు కూర్చున్నారు. జవాబు చెప్పిన తల్లికి ఆ బిడ్డ కోసం ఒక ప్రణాళిక కాగితం మీద రాసి ఇచ్చారు. తప్పొప్పుకున్నందుకు పిల్లాణ్ని లాక్కుపోరన్న నమ్మకం లేకపోతే ఏ తల్లి నోరు విప్పుతుంది? తర్వాతి ఏళ్లలో ఆ ప్రాంతంలో గర్భిణులు తాగడం బాగా తగ్గింది.

దీన్ని నేరంగా చూడాలన్నవాళ్లూ లేకపోలేదు. ఇంగ్లండ్‌లో ఎఫ్ఏఎస్‌డీతో పుట్టిన ఒక ఏడేళ్ల పాపకు నేర బాధితుల పరిహారం కోరుతూ స్థానిక మండలి తరఫువారు అప్పీల్ కోర్టు దాకా వెళ్లారు. పరిహారం రావాలంటే తల్లి తాగడం నేరమని తేలాలి. 2014 డిసెంబరులో కోర్టు కుదరదంది. మంచి పని చేసింది. ‘తాగితే కేసు’ అన్న మాట పడిన రోజున తాగే గర్భిణి ఆసుపత్రి గడప తొక్కదు.

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోనక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మహిళల్లో 6.7 శాతం మద్యం తాగుతారు. దేశం మొత్తం మీద ఆ అంకె ఒక శాతం దగ్గరే. ఇది గర్భిణుల లెక్క కాదు, నిజమే. కానీ నెల తప్పిన సంగతి తెలిసేసరికే నెలన్నర గడిచిపోతుంది. నాట్లేసే కూలీలకు ఆసామి కల్లు తెప్పించడం పల్లెల్లో మర్యాద కింద లెక్క. దక్షిణాఫ్రికా ద్రాక్షతోటల్లో కూలిలో భాగంగా చవక వైన్ పోసే అలవాటు ఎప్పుడో నిషేధమైనా, లోకంలో ఎఫ్ఏఎస్‌డీ ఎక్కువున్న ప్రాంతాల్లో ఆ తోటల ప్రాంతం నేటికీ ఒకటి. నాట్ల కల్లును దాంతో సమానం చేయడం అన్యాయం, ఇక్కడ ఎవరూ కూలి ఎగ్గొట్టి కల్లు పోయరు. కానీ కడుపుతో ఉన్న కూలీ ముందు కూడా సీసా పెడుతున్నామా అన్న ప్రశ్న మనదే. ఈతకల్లు చలవ, అది మందు కాదు అనే నమ్మకం గట్టిది. కల్లుగీత మీద బతికేవాళ్లను తప్పుపట్టకుండా కూడా ఆ నమ్మకాన్ని కదపొచ్చు. చెట్టు దింపిన నీరా వేరు, పులిసిన కల్లు వేరు అని వాళ్లకంటే ఎవరికి బాగా తెలుసు?

ఐరన్ మాత్రలు వేసుకున్నావా అని అడిగే ఆశా కార్యకర్తే, అదే గొంతుతో, కల్లు సంగతీ అడగాలి. భర్త, అత్త లేని చోట అడగాలి. మానలేకపోతున్నానన్న మనిషిని ఎక్కడికి పంపాలో ఆమెకు ముందే తెలిసుండాలి. మన దగ్గర సీసా మీద రాసే హెచ్చరికలో ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపొద్దు అనే ఉంటాయి, గర్భం మాటే ఉండదు. ఆస్ట్రేలియాలో 2023 నుంచి అది తప్పనిసరి. అయితే లేబుల్ మార్చడం తేలిక, కల్లు కాంపౌండుకు లేబులే లేదు.

అంతకంటే కష్టమైంది ఇప్పటికే పుట్టిన పిల్లల సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎఫ్ఏఎస్‌డీ పేరు లేదు. ఈ పిల్లల్లో చాలామందికి ఐక్యూ 70 పైనే ఉంటుంది కాబట్టి మేధో వైకల్యం గడిలో పట్టరు. సర్టిఫికెట్ లేనిదే పింఛను లేదు, పరీక్షలో అదనపు సమయం లేదు. ఏటా సెప్టెంబరు 9న లోకమంతా జరిపే అవగాహన దినాన్ని మన జిల్లా ఆసుపత్రులూ జరుపుకోవచ్చు, తప్పేమీ లేదు. కానీ ఆ రోజు మాటలు విని పిల్లాణ్ని చంకనేసుకొచ్చే అమ్మమ్మకు ఏ గది చూపిస్తారో ముందు రోజే తేల్చుకోవాలి. జిల్లాల్లో పిల్లల ఎదుగుదల లోపాల కోసం పెట్టిన సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. అక్కడి డాక్టర్లకు, థెరపిస్టులకు దీన్ని గుర్తించే శిక్షణ ఇవ్వడంతో మొదలుపెట్టొచ్చు. దానికి చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు.