సూర్యుడికి సంజాయిషీ నోటీసు

అడవిలో వెలుతురు పనితీరు మీద ఇకనైనా విచారణ జరగాలి. క్యాంపింగ్‌కి వెళ్లిన పౌరుడు భుజాలు పడిపోయేలా కెమెరా సరంజామా మోసుకెళతాడు, అర్ధరాత్రి దాటేదాకా నెగడు చుట్టూ కబుర్లాడతాడు, పొద్దున 10 గంటలకు న్యాయంగా నిద్ర లేస్తాడు. తీరా టెంట్ జిప్పు తీసి చూస్తే వెలుతురు అప్పటికే డ్యూటీ దిగిపోయి ఉంటుంది. పొగమంచు లేదు, కొమ్మల సందుల్లోంచి దూసుకొచ్చే కిరణాలు లేవు. నేలంతా తెల్లటి ఎండ మచ్చలు, వాటిని ఆనుకుని కటిక నీడలు. ఇది సేవాలోపం కాక మరేమిటి?

సూర్యుడి తరఫు వాళ్ల సాకులు మనకు తెలియనివి కావు. కిరణం కంటికి కనబడాలంటే దాన్ని చెదరగొట్టడానికి గాలిలో మంచో ధూళో ఉండాలట. పొద్దెక్కి గాలి వేడెక్కితే మంచు విడిపోతుందట. ఉన్న కాసేపట్లో కూడా సూర్యుడు కెమెరాకి ఎదురుగా, ఏదో ఒక మాను చాటున ఉంటేనే ఆ చారలు బాగా తేలతాయట. కాబట్టి చోటు ముందురోజే చూసి పెట్టుకుని, చీకటితోనే లేవాలట. సెలవు మీద వచ్చిన మనిషితో మాట్లాడే పద్ధతేనా? కిరణాలను 11 గంటలకు వాయిదా వేయాలన్నది మా మొదటి డిమాండు.

మంచు లేకపోతేనేం అని పచ్చి కొమ్మలు మంటలో వేసి పొగ పుట్టించే స్వయంసేవకులూ ఉన్నారు. ఆ పొగ అడవంతా పలచగా పరుచుకోదు, ఒక మూల ముద్దగా తేలుతుంది. ఎండాకాలం రవ్వ ఎగిరిందంటే ఆ ఫోటో కళాఖండం కాకపోయినా అటవీశాఖకు సాక్ష్యంగా పనికొస్తుంది.

రెండో ముద్దాయి వెలుతురు కొలిచే కెమెరా మీటరు. మిట్టమధ్యాహ్నం ఎండ మచ్చకూ చెట్ల వేళ్ల కింది నీడకూ మధ్య తేడా 10 స్టాపులు దాటవచ్చు. స్టాపు స్టాపుకీ వెలుతురు రెట్టింపవుతుంది కనుక 10 స్టాపులంటే 1,024 రెట్లు. ఫ్రేములో చాలా భాగం నల్లగా ఉండేసరికి మీటరు జాలిపడి, అంతా నడిమి బూడిదరంగుకు రావాలని కెమెరాలోకి చేరే వెలుతురును, అంటే ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. నీడలు బాగుపడతాయి, ఎండ పడిన ఆకులు తెల్లగా మాడిపోతాయి. విరుగుడేమిటంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే సవరింపును −1 నుంచి −2 స్టాపుల మధ్య పెట్టి, వెలుగునీడల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు కుడి అంచుకు గుద్దుకోకుండా చూసి, కెమెరా దిద్దకుండా వదిలే రా (RAW) ఫైలు తీయడం. నీడల్ని తర్వాత లేపుకోవచ్చు, మాడినదాన్ని తేలేం. అంటే అంత డబ్బు పోసి కొన్న కెమెరా మాటను మొట్టమొదట మనమే కొట్టేయాలన్నమాట! 2 స్టాపుల తేడాతో మూడు ఫ్రేములు తీసి కలిపేద్దామా అంటే గాలి ఊరుకోదు. మూడు ఫ్రేముల్లో మూడు చోట్ల ఊగిన ఆకు, కలిపాక దెయ్యమై కూర్చుంటుంది.

రంగు మాటకొస్తే, ఆకుల్లోంచి వడకట్టుకుని దిగే వెలుతురులో మనుషులందరూ పసరు తాగినట్టు కనబడతారు. రంగులను సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే పొద్దుటి బంగారు రంగును కూడా అదేదో దోషమనుకుని కడిగేస్తుంది. దాన్ని 5,500 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలత) దగ్గర బిగించి, ముఖాల్లో పచ్చదనం మిగిలితే టింట్‌ను కాస్త మెజెంటా (ముదురు గులాబీ) వైపు జరిపితే సరి. ఈ పని అర నిమిషంలో అయిపోతుంది గనుక ఎవరూ చేయరు.

వెలుతురు బుద్ధిగా ప్రవర్తించే రోజు లేకపోలేదు, మబ్బు పట్టిన రోజు. నీడలు మెత్తబడతాయి, తడి ఆకుల మీది తెల్లటి మెరుపును లెన్సుకు తగిలించే పోలరైజర్ ఫిల్టర్ తిప్పి తుడిచేయొచ్చు. అది 2 స్టాపుల దాకా వెలుతురు మింగుతుంది కాబట్టి ట్రైపాడ్ కావాలి, ఆకాశం ఫ్రేములోకి రాకూడదు, అంతే. ఆ రోజు క్యాంపర్లందరూ కెమెరా సంచిలోనే ఉంచి, వాతావరణం బాగాలేదని పేకాట ఆడతారు.

సాయంత్రం లోపల దీపంతో వెలిగే టెంట్ ఫోటో అందరికీ కావాలి. అందుకు సూర్యుడు దిగాక ఆకాశం నీలంగా వెలిగే 20, 30 నిమిషాలే గడువు. చెట్లు దట్టంగా ఉంటే ఇంకా తక్కువ. బ్యాటరీ లాంతరును కనిష్ఠంలో పెట్టి, పైన పలచటి గుడ్డ కప్పకపోతే టెంట్ ఒక తెల్లటి మంటగా వస్తుంది. సరిగ్గా ఆ గడువులోనే పొయ్యి మీద వంట ఉడుకుతుంటుంది, లాంతరు దాని పక్కన ఉంటుంది. నీలి వెలుగును భోజనాలయ్యేదాకా పొడిగించాలన్నది మా రెండో డిమాండు.