కారు అద్దానికి ఇంటి చిట్కాలు: పంచేముందు ఒక్కసారి ఆలోచించండి

కారు ముందు అద్దం శుభ్రంగా ఉందో లేదో మనలో చాలామంది పగటిపూట, నీడలో ఆగి ఉన్న బండిని బయటి నుంచి చూసి తేల్చేస్తారు. చీకటి పడ్డాక ఎదురుగా హైబీమ్‌తో వచ్చే లారీ వెలుగు ఆ అద్దం మీద పడినప్పుడు రోడ్డు అంచు కనిపిస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష. ఈ పరీక్షకు నిలవని పద్ధతులను ఇంటి చిట్కాల పేరుతో వీడియోలలో, వాట్సాప్ గ్రూపులలో పంచుతున్నవారి మీద నాకు నిజంగానే కోపం ఉంది.

ఇంట్లో దొరికే వస్తువులకు నేను వ్యతిరేకిని కాను. బకెట్ నీళ్లలో కొద్దిగా గిన్నెలు కడిగే లిక్విడ్, ఒక మెత్తని గుడ్డ ఉంటే చాలావరకు పని జరిగిపోతుంది. అయితే అద్దం మీద పేరుకున్నది ఏ మురికో ముందు తెలుసుకోవాలి. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల కార్లు కడిగేది బోరు నీళ్లతోనే. అవి అద్దం మీదే ఎండిపోతే అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని మచ్చలుగా మిగిలిపోతాయి, సబ్బుతో ఎంత రుద్దినా వదలవు. ఇక్కడ వెనిగర్ నిజంగా పనిచేస్తుంది, ఎందుకంటే అందులోని ఎసిటిక్ ఆమ్లం ఆ లవణాలను కరిగిస్తుంది. వెనిగర్‌లో అంతే నీరు కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద కొన్ని నిమిషాలు ఉంచి, పెయింటు మీదికి కారకుండా చూసుకుని, మంచినీళ్లతో కడిగి వెంటనే తుడిచేయాలి. అదే వెనిగర్‌లో వంటసోడా కలిపి, పొంగే నురగను చూపించి అద్భుతమంటున్నారు. ఆ నురగ కేవలం కార్బన్ డయాక్సైడ్. ఆమ్లాన్ని సోడా విరిచేశాక మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీరు. దానికి మచ్చను కరిగించే శక్తి ఉండదు.

ఏలూరు దాటి తణుకు, రావులపాలెం మీదుగా రాజమండ్రి వైపు వరిచేల మధ్య రాత్రి ప్రయాణం చేసినవారికి అద్దానికి అతుక్కునే పురుగుల సంగతి తెలుసు. వాటి మీద వైపర్ వేస్తే జిగురు అద్దమంతా పులుముకుంటుంది. తడిగుడ్డ కప్పి నాననిస్తే సబ్బునీటికే ఊడివస్తాయి, స్టీలు పీచు అక్కర్లేదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది జిడ్డు. ఎండలో నిలిపిన కారులో ప్లాస్టిక్ నుంచి, డాష్‌బోర్డుకు పూసిన మెరుపు పాలిష్ నుంచి వెలువడే ఆవిరి లోపలి అద్దం మీద సన్నని పొరగా పేరుకుంటుంది. మనం బయట కడుగుతూనే ఉంటాం, లోపల చెయ్యి పెట్టం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 100వ నిబంధన ముందు అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలంటుంది. అయితే ఈ జిడ్డు పొర వెలుతురును పెద్దగా ఆపదు, చెదరగొడుతుంది, అందుకే పగలు కనబడక రాత్రి కళ్లు బైర్లు కమ్మేలా చేస్తుంది. కిరోసిన్ గుడ్డతో తుడిస్తే అద్దం మెరుస్తుందని చెప్పేవారు ఇదే జిడ్డును మనచేత పూయిస్తున్నారు, పైగా దానివల్ల వైపర్ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కరోనా కాలంలో మిగిలిన శానిటైజర్ కూడా వద్దు, చేతులు పొడిబారకుండా చాలావాటిలో కలిపే గ్లిజరిన్ అద్దం మీద చారలు కడుతుంది. గ్లిజరిన్ లేని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీటితో కలిపి, డాష్‌బోర్డు మీద పడకుండా గుడ్డకు రాసి తుడిస్తే ఈ పొర పోతుంది.

వానలో వైపర్ చెడిపోయినప్పుడు అద్దానికి పొగాకో బంగాళాదుంప ముక్కో రుద్దే పాత డ్రైవర్లను నేను తప్పుపట్టను. అది గత్యంతరం లేనప్పుడు పుట్టిన ఉపాయం. పనిచేసే వైపర్లున్న కారుకు దాన్నే రోజువారీ చిట్కాగా చెప్పడం మాత్రం తప్పు.

ఇక పొడిగుడ్డ విషయం. మన రోడ్ల దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ అనే ఖనిజం కాఠిన్యం, గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు లెక్కించే మోస్ కొలమానంలో 7, అద్దానిది దాదాపు 5.5. అంటే పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులిపిన ప్రతిసారీ గాజును గాజుకంటే గట్టి రేణువులతో రుద్దుతున్నాం. పడిన గీతలను ఏ వెనిగరూ పోగొట్టదు. అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ ఒకే బకెట్, ఒకే గుడ్డతో వరుసగా అన్ని కార్లూ తుడుస్తుంటే ఒక కారు ఇసుక ఇంకో కారు అద్దం మీదికి చేరుతుంది. తప్పు అతనిది కాదు, కార్ల యజమానులది. ఎవరి కారుకు వారు రెండు మెత్తని గుడ్డలు ఇచ్చి, ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్ము జారిపోయాకే తుడవమని అతనికి మర్యాదగా చెప్పండి, ఆ అదనపు శ్రమకు జీతంలో నాలుగు రూపాయలు ఎక్కువే వేసి ఇవ్వండి.